ఎల్క్ వేటకు ట్రైల్ కెమెరా: కొన్నేళ్లు వాడాక నా రివ్యూ

అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో ఎల్క్ (బాగా పెద్ద జింక జాతి), మ్యూల్ డీర్ (అంతకన్నా చిన్న మరో జింక జాతి) వేట మొదలుపెట్టినవాళ్లు ట్రైల్ కెమెరా కొనాలా అని అడుగుతుంటారు. కొనండి. కానీ ఎన్నింటికి వెళ్లాలో అదే చెప్పేస్తుందని మాత్రం కొనకండి. నాది సిమ్ లేని మామూలు రకం. చెట్టుకు కట్టేస్తే ఎదుట ఏది కదిలినా ఫొటో తీసి మెమరీ కార్డులో వేస్తుంది. ఏళ్ల తరబడి ఎండకి ఎండి మంచుకి నానినా ఇంకా పనిచేస్తోంది.

జూలై, ఆగస్టు ఫొటోలు చూస్తే వేట చాలా తేలిక అనిపిస్తుంది. తెల్లారే వేళ, పొద్దుగూకే వేళ మంద పచ్చికలోకి వస్తుంది. ఎండెక్కేలోపు ఉత్తరపు వాలు మీది దట్టమైన అడవిలోకి వెళ్లి పడుకుంటుంది. సెప్టెంబరులో విల్లుతో వేటాడే సీజన్ మొదలై మనుషుల అలికిడి పెరిగిందా, అదే చెట్టు దగ్గర ఫొటోలన్నీ రాత్రి పదకొండుకో, రెండింటికో పడతాయి. వేటకు అనుమతి సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకే. ఆ ఫొటోలు చూసి మురిసిపోవడం తప్ప చేసేదేం లేదు.

అందుకే నేను టైమ్ కన్నా అవి ఎటు నడుస్తున్నాయో ఎక్కువ చూస్తాను. తెల్లవారుజామున నాలుగున్నరకి మంద పైకి ఎక్కుతోందంటే పడక పైనెక్కడో ఉన్నట్టే. కింద పచ్చిక దగ్గర కాపు కాసి లాభం లేదు, వెలుగొచ్చేసరికి మనం వాలు పక్కగా పైకి చేరి ఉండాలి. పక్కగా ఎందుకంటే, పొద్దున చల్లగాలి కిందికి జారుతుంది, ఎండ తగిలాక పైకి తిరుగుతుంది. మన వాసన అందిందంటే ఆ రోజుకి వేట అయిపోయినట్టే. గాలి సంగతి కెమెరా చెప్పదు. దానికి చిన్న సీసాలో పౌడర్ పోసుకెళ్లి కాస్త ఊదితే చాలు.

నాకు బాగా పనికొచ్చింది మాత్రం అడవి లోపల బురదగుంట దగ్గర కట్టిన కెమెరానే. మధ్యాహ్నం ఎల్క్ కదలదని చాలామంది క్యాంపుకొచ్చి కునుకు తీస్తారు. ఇందులోనేమో ఆడ ఎల్క్‌లు నడినెత్తిన ఎండ ఉండగా లేచి, పడక చుట్టుపక్కలే కాస్త మేసి మళ్లీ పడుకుంటున్నాయి. నెమరువేసే జంతువు కదా, పొద్దుటి మేత అరిగాక లేవకుండా ఎలా ఉంటుంది? సెప్టెంబరు రెండో సగంలో, జత కట్టే రోజుల్లో, ఒక పెద్ద మగది పొర్లి లేచిన ఫొటో ఉంది: పొట్టంతా నల్లటి బురద, ఒక కొమ్ముకి వేళ్లతో సహా వేలాడుతున్న గడ్డిదుబ్బు, టైమ్ 12:40. మ్యూల్ డీర్‌కి ఆ హడావిడి నవంబరులో. అప్పుడు మగ జింక పట్టపగలే ఆడవాటి వెంట తిరుగుతుంది.

చంద్రుణ్ణి బట్టి 'మంచి గంటలు' చెప్పే యాప్‌తో నా ఫొటోలు పోల్చి చూశాను. పొంతన కుదరలేదు. చలిగాలి దిగిన సాయంత్రం అవి త్వరగా బయటికి రావడం మాత్రం మళ్లీ మళ్లీ చూశాను.

తలనొప్పులూ ఉన్నాయి. గడ్డి ఊగినా ఫొటో తీస్తుంది, కార్డు నిండా గడ్డే. తూర్పుకో పడమరకో తిప్పి కడితే ఎండ పడి బొమ్మ తెల్లబోతుంది, ఉత్తరానికి తిప్పండి. ఆల్కలైన్ బ్యాటరీలు చలికి చతికిలబడతాయి, లిథియంవే వేయండి. నవంబరు మొదటి ఆదివారం అమెరికా గడియారాలు గంట వెనక్కి వెళ్తాయి, నా కెమెరా వెళ్లదు. అందుకని ఫొటో టైమ్‌ని ఆ రోజు సూర్యోదయంతో పోల్చుకోవడమే మేలు.

కొనేముందు రాష్ట్రం రూల్స్ చూడండి. అరిజోనాలో 2022 నుంచి వేట కోసం ట్రైల్ కెమెరా పెట్టడమే నిషేధం. ఇండియాలో 1972 వన్యప్రాణి చట్టం ఉంది కాబట్టి వేట ఊసే వద్దు. అయితే నల్లమలలో అటవీ శాఖ పులుల్ని లెక్కపెట్టేది ఇలాంటి కెమెరాలతోనే.

డబ్బులు ఒక్కదానికే ఉంటే ముందు మంచి బైనాక్యులర్స్ కొనండి. కెమెరా ఒక్క చెట్టు ముందే చూస్తుంది, బైనాక్యులర్స్‌తో ఎదురు కొండంతా చూడొచ్చు.