ఆత్మలను పట్టే మీటరు: మా ఇంట్లో రెండు నెలలు వాడాక

నేను తెనాలిలో ఇరవై రెండేళ్ళుగా ఇళ్ళకి కరెంటు పనులు చేస్తున్నాను. ఈ మీటరు నేను కొన్నది కాదు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మా తమ్ముడు ఆన్‌లైన్‌లో 1,850 రూపాయలు పెట్టి తెప్పించాడు. పెట్టె మీద పెద్దక్షరాల్లో ఈఎంఎఫ్ మీటర్ (విద్యుదయస్కాంత క్షేత్రాన్ని పసిగట్టే మీటరు) అని, దాని కింద ఆత్మల ఉనికిని పసిగడుతుందని ఇంగ్లీషులో రాసుంది. ఆ రెండో మాట గురించే ఈ రివ్యూ.

మాఘమాసంలో నాన్న పోయారు. పెద్దకర్మ అయిన కొన్నాళ్ళకి అమ్మ, "రాత్రి రెండున్నరకి మీ నాన్న వచ్చి మంచం పక్కన నిలబడుతున్నారు" అని చెప్పడం మొదలుపెట్టింది. ఆవిడలో భయం లేదు. పాలు పోసే అబ్బాయి వచ్చి వెళ్ళాడని చెప్పినంత మామూలుగా చెప్పేది. భయపడింది మా ఆవిడా, పిల్లలూ. తమ్ముడికి టెన్షన్ పట్టుకుని, ఉన్నదేదో తేలిపోతుందని ఈ మీటరు పంపాడు.

టీవీ రిమోట్‌లో సగం ఉంటుంది. 9 వోల్టుల బ్యాటరీ, ఐదు లైట్లు. లోపలున్న తీగచుట్ట దగ్గర అయస్కాంత క్షేత్రం ఊగితే అందులో కాస్త కరెంటు పుడుతుంది, దాన్నిబట్టి లైట్లు వెలుగుతాయి. క్షేత్రం బలం 20 మిల్లీగాస్ (దాన్ని కొలిచే ప్రమాణం) దాటితే చివరి ఎర్ర లైటు. భూమికున్న అయస్కాంతం నిలకడగా ఉంటుంది కాబట్టి దీనికి తెలియదు. మన ఇళ్ళలో సెకనుకి 50 సార్లు ఊగే కరెంటు బాగా తెలుస్తుంది. పట్టుకునే వైపు మార్చితే వెలిగే లైట్లు మారిపోతాయి, కాబట్టి ఒకే చోట అటూ ఇటూ తిప్పి చూడాలి. సెల్‌ఫోన్ దగ్గరగా ఉన్నా వెలుగుతుంది. బ్యాటరీ మూత వదులు, నేను టేపు వేశాను.

మొదటి రాత్రి అమ్మ తలగడ దగ్గర పెడితే మూడు లైట్లు వెలిగాయి. కాసేపటికి ఎర్రది కూడా ఒక్క క్షణం వెలిగి ఆరింది. తమ్ముడి మొహం పాలిపోయింది. అమ్మ దణ్ణం పెట్టుకుంది.

నేను మాత్రం గోడ వైపు చూశాను. ఆ గోడ అవతల వంటిల్లు, అక్కడ ఫ్రిజ్. కంప్రెసర్ ఆన్ అయిన ప్రతిసారీ లైట్లు లేస్తున్నాయి, మోటారు తిరగడం మొదలైన ఆ క్షణంలోనే ఎర్రది. మెయిన్ ఆపి, ఇన్వర్టర్ కూడా ఆపేశాను. మొదటి లైటు తప్ప అన్నీ ఆరిపోయాయి. అయినా ఒక్క ఫ్రిజ్‌కి ఇంత రాకూడదు. మర్నాడు పైపు తెరిచి చూస్తే కరెంటు తెచ్చే ఫేజు తీగ ఒక పైపులో వెళ్తోంది, దాన్ని వెనక్కి తీసుకెళ్ళే న్యూట్రల్ తీగ ఇంకో గదిలోంచి తిరిగి వస్తోంది. రెండూ పక్కపక్కనే ఉంటే ఒకదాని క్షేత్రాన్ని ఇంకోటి చాలావరకు కొట్టేస్తుంది. దూరంగా ఉంటే గది నిండా పరుచుకుంటుంది. ఆ లైను 1994లో నాన్న స్వయంగా లాగింది. ఆయన కూడా వైర్‌మ్యానే. పని నేర్పింది ఆయనే.

కొత్త న్యూట్రల్ అదే పైపులో లాగాను. ఆ రాత్రి ఫ్రిజ్ నడుస్తున్నా తలగడ దగ్గర మొదటి లైటే. పొద్దున్నే అమ్మకి అంతా విప్పి చెప్పాను. ఆవిడ మనసు కష్టపెడుతున్నానేమోనని గొంతు పెగల్లేదు. అమ్మ అంతా విని, "లైటు చూసి నేను నమ్మలేదు నాన్నా. రాత్రి కూడా వచ్చారు" అంది.

ఈ మాట నన్ను చాలా రోజులు ఆలోచింపజేసింది. గోడలో క్షేత్రం పోయింది, అమ్మకి కనిపించేది పోలేదు. అంటే ఆ రెండింటికీ సంబంధం లేదు. మీటరు కొలిచింది మా వైరింగుని, అంతే. అమ్మ బీపీ చూసే డాక్టరుగారిని అడిగాను. 1971లో వేల్స్‌లో డెవి రీస్ అనే డాక్టరు భర్తనో భార్యనో పోగొట్టుకున్న 293 మందిని కలిస్తే, దాదాపు సగం మంది పోయినవాళ్ళు కనిపించారనో, వినిపించారనో, పక్కనే ఉన్నట్టు తోచిందనో చెప్పారట. చాలామంది అంతకుముందు ఎవరికీ చెప్పుకోలేదట. అది జబ్బు కాదని, నిద్ర, తిండి బాగున్నంతకాలం కంగారు పడొద్దని డాక్టరుగారు అన్నారు. మా ఆవిడకి కూడా ఆ మాటతోనే ధైర్యం వచ్చింది.

ఆ తీగచుట్టలో కరెంటు పుట్టే సూత్రాన్ని 1831లో కనిపెట్టింది ఇంగ్లండ్ శాస్త్రవేత్త మైకేల్ ఫారడే. చుట్టూ కూర్చుని చేతులు ఆనిస్తే ఆత్మలు బల్లను కదుపుతాయని లండన్‌లో జనం ఊగిపోతుంటే, 1853లో ఆయన పరీక్ష పెట్టి, తెలియకుండా తోస్తున్నది వాళ్ళ చేతులేనని చూపించాడు. అదే మనిషి గాఢమైన దైవభక్తుడు, తన చర్చి పెద్దల్లో ఒకడిగా ఉన్నవాడు. నాకు ఆయన పద్ధతి సరైనదనిపిస్తుంది. మహాలయ పక్షంలో నాన్న పేరున నేను బియ్యం ఇస్తాను, కాకికి ముద్ద పెడతాను. ఆయన ఎక్కడో ఉన్నారనే నమ్ముతాను. ఆధారం చూపమంటే లేదనే చెప్తాను. లేని ఆధారాన్ని లైట్ల రూపంలో అమ్మితే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది.

ఎందుకంటే దాని వెనక ప్రమాదం ఉంది. ఈ మీటరు సంగతి విని మా వీధిలో ఒకాయన వచ్చాడు. వాళ్ళ అమ్మాయికి ఫిట్స్ వస్తాయి. గాలి సోకిందో లేదో చూస్తాం, ఒక్కరోజు ఇవ్వమన్నాడు. భూతవైద్యుడి దగ్గరకి నాలుగుసార్లు తిప్పారట. ఆ పిల్ల మంచం దగ్గర ఏ ఫ్యాన్ రెగ్యులేటరో ఉండి లైటు వెలిగితే ఐదోసారి కూడా తిప్పుతారు. మీటరు ఇవ్వలేదు. గుంటూరులో నరాల డాక్టరు దగ్గరకి నేనే వెంట వెళ్ళాను. ఇప్పుడు మందులు వాడుతోంది.

వైరింగు లోపాలు వెతికేవాళ్ళకి ఈ ధరలో మంచి పనిముట్టు, నాలుగు స్టార్లు ఇస్తున్నాను. అంకెలు చూపదు కాబట్టి ఒకటి తగ్గించాను. పెట్టె మీద ఆ రెండో మాట తీసెయ్యమని అమ్మినవాళ్ళకి రాశాను, ఇంకా జవాబు రాలేదు. మీటరు నా పనిసంచిలో ఉంటోంది. అమ్మ మంచం ఆ గోడ పక్కనే ఉంది, జరపొద్దంది.