ఒకే హెడర్‌పై ఐదు ఫ్యాన్లు: గుంటూరు వేసవుల్లో ఆర్కిటిక్ ఫ్యాన్ హబ్

గుంటూరులో పెళ్లి వీడియోల ఎడిటింగ్ కోసం నేను వాడుతున్న కంప్యూటర్ క్యాబినెట్‌లో, సీపీయూ కూలర్‌ది కాక, 7 ఫ్యాన్లు ఉన్నాయి. మదర్‌బోర్డు మీద మాత్రం క్యాబినెట్ ఫ్యాన్లకు రెండే హెడర్లు (ఫ్యాన్ వైరును తగిలించే పిన్నులు) ఉండడంతో, పది పోర్టులున్న ఆర్కిటిక్ కంపెనీ కేస్ ఫ్యాన్ హబ్‌ను, అంటే ఒకే హెడర్ నుంచి చాలా ఫ్యాన్లను నడిపే పరికరాన్ని, తీసుకున్నాను. కొన్ని వేసవులు గడిచాయి కాబట్టి దీని గురించి నమ్మకంగా రాయగలుగుతున్నాను.

సాధారణంగా ఒక ఫ్యాన్ హెడర్ ఇవ్వగలిగేది 12 వోల్టుల దగ్గర 1 ఆంపియర్, అంటే 12 వాట్లు. నా ఫ్యాన్ల లేబుల్ మీద ఒక్కోదానికి 0.3 ఆంపియర్లు అని ఉంది. గాలిని లోపలికి లాగే ఐదింటినీ స్ప్లిటర్లతో (ఒక వైరును రెండు మూడుగా చీల్చేవి) ఒకే హెడర్‌కు తగిలిస్తే 1.5 ఆంపియర్లు అవుతుంది. ఆ భారం మోయడానికి హెడర్‌ను తయారు చేయలేదు. హబ్ కరెంటును సాటా కనెక్టర్ (హార్డ్ డిస్కులకు కరెంటు ఇచ్చే కనెక్టర్) ద్వారా నేరుగా ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు సరఫరా చేసే పెట్టె) నుంచి తీసుకుంటుంది, మదర్‌బోర్డు నుంచి వేగాన్ని నిర్దేశించే పీడబ్ల్యూఎం సిగ్నల్‌ను మాత్రమే అందుకుంటుంది. సాటా కనెక్టర్‌లోని 12 వోల్టుల పిన్నులు మూడూ కలిసి 4.5 ఆంపియర్ల వరకు ఇవ్వగలవు కనుక ఐదు ఫ్యాన్లు దానికి లెక్కలోవి కావు. మోలెక్స్ (పాత రకం నాలుగు పిన్నుల కరెంటు కనెక్టర్) నుంచి సాటాకు మార్చే చవక కన్వర్టర్లు కాలిపోయే ప్రమాదం ఉంది. హబ్‌కు ఎస్‌ఎంపీఎస్ సొంత సాటా వైరునే ఇవ్వాలని గట్టిగా చెబుతాను.

హబ్‌కు తగిలించినవన్నీ ఒకే ఆజ్ఞను వింటాయి. అందుకే ముందు మూడు, అడుగున రెండు, అంటే గాలిని లాగేవన్నీ హబ్‌కు ఇచ్చి, పైన, వెనుక ఉన్న రెండింటినీ చిన్న స్ప్లిటర్‌తో రెండో హెడర్‌కు ఇచ్చి కాస్త నెమ్మదిగా నడుపుతున్నాను. లోపలికి వచ్చే గాలి బయటికి పోయేదానికంటే ఎక్కువగా ఉంటే, దుమ్ము సందుల్లోంచి దూరకుండా ఫిల్టర్ల మీదే ఆగుతుంది. యార్డుకు మిర్చి లారీలు బారులు తీరే నెలల్లో ఆ ఫిల్టర్లను చూస్తే ఈ ఏర్పాటు విలువ తెలుస్తుంది. సీపీయూ ఫ్యాన్‌ను మాత్రం దాని హెడర్‌లోనే ఉంచాలి.

ఇక వేగం సంగతి. బయోస్ (మదర్‌బోర్డులోనే ఉండే మూల ప్రోగ్రాం) మామూలుగా సీపీయూ వేడిని బట్టే ఫ్యాన్లను నడుపుతుంది. ఆ వేడి క్షణాల్లో పెరిగి తగ్గుతుంది కాబట్టి చప్పుడు కూడా అలాగే ఎగిసి పడుతుంది. వీడియో ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు అసలు కాగేది గ్రాఫిక్స్ కార్డు, దాని వేడి బయోస్‌కు తెలియదు. విండోస్‌లో ఉచితంగా దొరికే ఫ్యాన్ కంట్రోల్ ప్రోగ్రాంలో, సీపీయూ, గ్రాఫిక్స్ కార్డు రెండింటిలో ఏది ఎక్కువ వేడిగా ఉంటే దాన్నే అనుసరించేలా, మార్పు నిదానంగా జరిగేలా అమర్చాక గది ప్రశాంతంగా మారింది. చలికాలంలో కనీస వేగం 30 శాతం చాలు, మే నెలలో 45 పెడతాను. ఏ ఫ్యానూ గదిలోని గాలికంటే చల్లని గాలిని తేలేదు. బయట 44 డిగ్రీలు ఉన్న రోజున కిటికీ తలుపులు మూసి ఏసీ వేయడమే ఎక్కువ ఫలితం ఇస్తుంది.

హబ్‌కు ఉన్న ముఖ్యమైన పరిమితి, ఒక్క పోర్టులోని ఫ్యాన్ వేగం మాత్రమే మదర్‌బోర్డుకు చేరడం. నిరుడు అడుగు ఫ్యాన్లలో ఒకటి ఆగిపోయినా తెర మీద అంకెలన్నీ సవ్యంగానే కనిపించాయి. ఫిల్టర్లు కడగడానికి తీసినప్పుడే విషయం బయటపడింది. అందుకని నెలకొకసారి అన్నింటినీ నూరు శాతానికి పెంచి, ఒక్కోదాన్నీ కంటితో చూస్తున్నాను. మదర్‌బోర్డు నుంచి వచ్చే సిగ్నల్ వైరు ఊడిపోతే మాత్రం ఫ్యాన్లు ఆగవు, పూర్తి వేగంతో తిరుగుతాయి. వేడి విషయంలో అది మంచిదే.

మూడు పిన్నుల ఫ్యాన్లు ఉన్నవారు దీన్ని కొనవద్దు. వాటి వేగం వోల్టేజి తగ్గిస్తేనే తగ్గుతుంది, ఈ హబ్ ఎప్పుడూ 12 వోల్టులే ఇస్తుంది కనుక అవి రాత్రీ పగలూ పూర్తి వేగంతోనే తిరుగుతాయి.