లాప్లాండ్ అడవిలో నాలుగు పెద్ద కత్తులు: దారి, బస, పొయ్యి దగ్గర పోలిక

అడవికి తీసుకెళ్లడానికి పెద్ద కత్తి కొనాలనుకునే మనవాళ్లు ముందుగా అడిగేది "బ్లేడు మందం ఎంత?" అని. ఉత్తర ఫిన్లాండ్‌లోని లాప్లాండ్ ప్రాంతంలో ఉన్న ఉర్హో కెక్కోనెన్ నేషనల్ పార్కులో తిరిగొచ్చాక నేను గట్టిగా చెప్పగలిగేది ఒకటుంది. మందం చూసి డబ్బు పెట్టకండి. వాన పడిన సాయంత్రం తడి కట్టెతో పొయ్యి రాజేయాలంటే కావాల్సింది పొడవు, ముందువైపు బరువు, సన్నటి వాదర.

మేం వెళ్లింది సెప్టెంబరులో. ఆకులన్నీ పసుపు, ఎరుపు రంగులకు తిరిగే ఆ కాలాన్ని ఫిన్నులు రుస్కా అంటారు. దోమల బెడద తగ్గిపోతుంది, రాత్రిళ్లు మాత్రం చలి కొరుకుతుంది. హెల్సింకి పక్కనున్న ఎస్పోలో ఉండే నేను, నా ఆఫీసు స్నేహితుడు, షికాగో నుంచి వచ్చిన మా బావమరిది. ముగ్గురికీ కత్తుల మీద మక్కువే కాబట్టి ఎవరిది వాళ్లు తెచ్చుకున్నాం. నాది ఫిన్లాండ్‌లోనే తయారయ్యే తెరావా స్క్రామా 240. బావమరిదిది అమెరికా కేబార్ కంపెనీ వాళ్ల బెకర్ బీకే9. స్నేహితుడిది స్వీడన్ బ్రాండు ఫాల్క్‌నీవెన్ ఏ1. నాలుగోది లెవుకు, దారిలో రొవానియెమి ఊళ్లో కొన్నాం.

కత్తితో ప్రయాణం గురించి ముందే తెలుసుకోవాల్సిన విషయం ఒకటుంది. ఫిన్లాండ్ పల్లెల్లో, అడవుల్లో నడుముకు కత్తి ఉండటం మామూలే గానీ, పని లేదా హాబీ లాంటి సరైన కారణం లేకుండా ఊళ్లో బహిరంగంగా పట్టుకు తిరగడం చట్టరీత్యా నేరం. అందుకని హెల్సింకి స్టేషన్ నుంచి అడవి దారి మొదలయ్యేదాకా కత్తులు ఒరల్లో, బట్టల మధ్య, బ్యాగు అడుగునే ఉన్నాయి. విమానంలో వచ్చేవాళ్లు చెక్ ఇన్ లగేజీలోనే వేయాలి, చేతి సంచిలో కుదరదు.

హెల్సింకి నుంచి రొవానియెమికి రాత్రి రైలు దాదాపు పన్నెండు గంటలు. కూర్చునే సీటు చవకే, కానీ మర్నాడు బరువు మోస్తూ నడవాలనుకుంటే స్లీపర్ క్యాబిన్ తీసుకోండి. పై అంతస్తు క్యాబిన్లలో సొంతంగా షవర్, టాయిలెట్ ఉంటాయి. ఆ డబ్బుకు నాకు ఏమాత్రం బాధ కలగలేదు.

రొవానియెమిలో ఆర్క్‌టికుమ్ మ్యూజియానికి దగ్గర్లో, పాత ఫ్యాక్టరీ భవనంలో మార్తీని కత్తుల దుకాణం ఉంది. 1928లో మొదలైన కంపెనీ. ఎక్కువగా పుక్కో అనే చిన్న ఫిన్నిష్ కత్తులే, పర్యాటకుల కోసం పిడి మీద బొమ్మలు చెక్కినవి కూడా చాలా ఉన్నాయి. మేం వెతికింది లెవుకు. లాప్లాండ్ ఆదివాసులైన సామీ రెయిన్‌డీర్ కాపరుల పెద్ద కత్తి అది. పొట్టి బర్చ్ చెట్ల కొమ్మలు కొట్టడానికి, గుడారం కర్రలు చెక్కడానికి, ఎముకలు పగలగొట్టడానికి వాళ్లు తరతరాలుగా వాడుతున్నది. వెడల్పు బ్లేడు, బర్చ్ చెక్క పిడి. ఒర ఎంత లోతుగా ఉంటుందంటే పిడి కూడా సగం లోపలికి పోతుంది. అలంకారాలు లేని మామూలు రకం తీసుకున్నాం.

అక్కడి నుంచి సారిసెల్కాకు బస్సులో నాలుగు గంటల లోపే. మొదటి బస సారిసెల్కాలో ఒక ప్రైవేటు క్యాబిన్. ఫొటోలు చూసి బుక్ చేశాం. తడి బట్టలు ఆరేసుకునే అల్మారా పనిచేయలేదు, ఫోన్ చేస్తే సాయంత్రం దాకా ఎవరూ పలకలేదు. ఆ అద్దెకు అది అన్యాయం. కీలోపాలోని ఫెల్ సెంటర్ (కొండ దారుల యాత్రికుల బస) మాకు బాగా నచ్చింది. హాస్టల్ గదులు సాదాగా ఉంటాయి, కానీ పార్కు దారులు గుమ్మం ముందే మొదలవుతాయి, సామాను అద్దెకిస్తారు, బాట పరిస్థితి అడిగితే ఓపిగ్గా మ్యాపు పరిచి చెప్పారు. పొగ సౌనాలో, అంటే కట్టెల పొగతో వేడెక్కించే ఆవిరి స్నానపు గదిలో, కూర్చుని పక్కనే పారే వాగులో మునిగితే ఒళ్లు తేలికైపోతుంది. పొగ సౌనా రోజూ వేడి చేయరు, వారంలో ఏ రోజుల్లో ఉంటుందో కనుక్కుని తేదీలు పెట్టుకోండి.

ఇక అడవి లోపలి బస. పార్కులో అవుతియోతుపా అనే గుడిసెలు ఉంటాయి. అద్దె లేదు, తాళం లేదు, బుకింగ్ లేదు. చెక్క బల్లల మీద పడుకోవాలి, మధ్యలో ఇనప పొయ్యి. అక్కడి ఆచారం నాకు చాలా గొప్పగా అనిపించింది: ముందొచ్చి విశ్రాంతి తీసుకున్నవాళ్లు చివర వచ్చినవాళ్లకు చోటివ్వాలి. వెళ్లేముందు తర్వాతివాళ్ల కోసం సన్నటి పేళ్లు చీల్చి పొయ్యి పక్కన పెట్టి పోవాలి. వానలో తడిసి చీకట్లో చేరినవాడికి ఆ పేళ్లే దిక్కు. నిశ్చింతగా చోటు కావాలనుకుంటే వరావుస్తుపా ఉంది. ముందే డబ్బు కట్టి తాళం చెవి తెచ్చుకోవాలి. పిల్లలతో వెళ్లేవాళ్లు అదే తీసుకోవడం మేలు.

కట్టెల కొట్టంలో దుంగలతో పాటు రంపం, గొడ్డలి కూడా సాధారణంగా ఉంటాయి. గొడ్డలి ఉన్నచోట గొడ్డలే వాడాలి, ఏ కత్తీ దానికి సాటి రాదు. కత్తుల అసలు పరీక్ష మధ్యాహ్నం బాట మధ్యలో మేం ఆగిన చోట, పొయ్యి దగ్గర జరిగింది. రాత్రంతా వాన. కట్టె పైన తడి, లోపల పొడి. ఆ పొడి కట్టెను బయటికి తీయాలి, పుల్లల మీద ఈకల్లా రేకులు లేపాలి.

బీకే9 బ్లేడు 9 అంగుళాలు, అంటే దాదాపు 23 సెంటీమీటర్లు. మందం 4.8 మిల్లీమీటర్లు. దాన్ని కట్టె మీద ఆనించి వెనక ఇంకో కర్రతో మోదితే బాగా చీల్చింది, కొట్టడంలో కూడా మంచి బలం. కానీ కంపెనీ నుంచి వచ్చిన వాదర మొరటుగా ఉంది, రేకులు లేవకుండా తెగి రాలిపోయాయి. ప్లాస్టిక్ పిడి తడికి జారుతోంది. పిడి చుట్టూ ఉక్కు బయటికే ఉండటంతో చలికి వేళ్లు జివ్వుమన్నాయి. బావమరిది దానికి ఎప్పటినుంచో అలవాటు పడ్డవాడు, "బావా, ఇంటికెళ్లాక సానబట్టి మళ్లీ చూపిస్తాను" అన్నాడు. సానబడితే మెరుగవుతుంది, నిజమే. చలికి మాత్రం మందు లేదు.

ఏ1 బ్లేడు 16 సెంటీమీటర్లు, మందం 6 మిల్లీమీటర్లు. నాలుగింటిలో ఎక్కువ ఖరీదు దీనిదే. తుప్పు పట్టని ఉక్కు, రబ్బరు పిడి, వానలో చూసుకోవాల్సిన పని తక్కువ. గట్టితనంలో దీన్ని మించింది మా దగ్గర లేదు. కానీ కట్టె కొంచెం లావైతే బ్లేడు మొత్తం లోపల కూరుకుపోయి, మోదడానికి కొన బయట మిగలదు. కొమ్మ మీద వేస్తే లోతుగా దిగలేదు. ఉప్మా కోసం ఉల్లిపాయ కోస్తే ముక్క తెగే ముందే పగిలిపోయింది. సముద్రం పక్కన, ఉప్పుగాలిలో తిరిగేవాళ్లకు అది మంచి కత్తి. ఈ అడవికి కాదు.

స్క్రామా బ్లేడు 24 సెంటీమీటర్లు, మందం 4.2 మిల్లీమీటర్లు. ఇందులో తెలివంతా రెండు చోట్ల ఉంది. వాదర ముందు భాగం కొట్టడానికి కాస్త మొద్దు కోణంలో, పిడి దగ్గర భాగం చెక్కడానికి సన్నగా ఉంటుంది. పిడి పొడవు. చివర పట్టుకుంటే మా కోనసీమలో బొండాలు కొట్టే కత్తి లాగా బరువంతా ముందుకు పోయి దానంతటదే దిగుతుంది, ముందుకు జరిపి పట్టుకుంటే చిన్న కత్తిలా మాట వింటుంది. కార్బన్ స్టీలు కాబట్టి ప్రతి సాయంత్రం తుడిచి కాస్త నూనె రాయాలి. ఆ శ్రమ నాకు ఇష్టమే.

లెవుకు నన్ను నిజంగా ఆశ్చర్యపరిచింది. పలచటి బ్లేడు, సన్నటి వాదర. మొదటి పుల్లకే పొడవాటి రేకులు చుట్టలు చుట్టుకుంటూ లేచాయి. కింద పడి ఉన్న బర్చ్ బెరడు తునక ఒకటి కలిపితే, తడిలోనూ మండే నూనెగుణం దానికి ఉండటంతో, పొయ్యి వెంటనే అందుకుంది. రొట్టె, ఉల్లిపాయ, పొగబెట్టిన రెయిన్‌డీర్ మాంసం అన్నీ దానితోనే కోశాం. చెక్క పిడి చలిలో కూడా ఉక్కులా చేతికి చల్లగా తగలదు. పిడి ముందు వేళ్లకు అడ్డు లేదు కాబట్టి పొడిచే పనికి పెట్టొద్దు, చెయ్యి వాదర మీదికి జారుతుంది. ముడులున్న దుంగ మీద పెట్టి మోదడం కూడా వద్దు, పిడి లోపల ఉక్కు సన్నగానే ఉంటుంది.

కత్తి పెద్దదని చెట్ల మీద ప్రయోగం చేయకండి. నిలబడిన చెట్టు, ఎండిపోయినదైనా సరే, తాకకూడదు. తెల్లగా ఎండి నిలబడిన పాత పైన్ చెట్లు చూస్తే చెయ్యి లాగుతుంది, కానీ అవి పక్షులకూ పురుగులకూ ఇళ్లు. నిప్పు అనుమతించిన చోటే, నేల మీది ఎండు చితుకులతోనే. అడవి మంటల హెచ్చరిక ఉన్న రోజు బయట నిప్పు అసలు పెట్టకూడదు. అలాంటి రోజుల కోసం చిన్న గ్యాస్ స్టవ్ బ్యాగులో ఉండాలి.

ఈసారి లుయిరోయార్వి సరస్సు దాకా వెళ్లి, పార్కులో ఎత్తైన సోకోస్తి కొండ ఎక్కాలని ఉంది. 718 మీటర్లే గానీ పైన అడ్డం లేని గాలి. నా నడుముకు స్క్రామా ఉంటుంది. లెవుకును బావమరిది షికాగో పట్టుకుపోయాడు, కాబట్టి రొవానియెమిలో ఇంకొకటి కొనాలి.