మొదటి పేక ట్రిక్‌గా ఏది మేలు: 21 ముక్కలదా, అడుగు ముక్కదా?

పేకతో ఒక్క ట్రిక్కైనా నేర్చుకోవాలని ఉంది, దేనితో మొదలుపెట్టమంటారు అని చాలామంది అడుగుతున్నారు. ఈమధ్య మా అక్క కూతురూ అదే అడిగితే రెండూ నేర్పి చూశాను.

21 ముక్కల ట్రిక్కులో చూసేవాళ్లు ఒక ముక్కను మనసులో అనుకుంటారు, మీరు వరుసకొకటి చొప్పున వేసుకుంటూ ఏడేసి ముక్కల మూడు వరుసలు పరుస్తారు, వాళ్లు తమ ముక్క ఉన్న వరుస చూపిస్తే దాన్ని మిగతా రెండింటి మధ్యలో పెట్టి మళ్లీ పరుస్తారు, ఇలా మూడుసార్లు చేస్తే చివరికి పైనుంచి పదకొండోదే వాళ్ల ముక్క. ఇందులో పొరపాటుకు చోటు చాలా తక్కువ. మొదటిసారి మధ్యలో పెట్టగానే వాళ్ల ముక్క 8 నుంచి 14 లోపు ఎక్కడో ఉంటుంది, రెండోసారికి 10, 11, 12లో ఒకటవుతుంది, మూడోసారి పరిచాక వాళ్లు ఏ వరుస చూపించినా అందులో నాలుగోదే. అంటే వేలు పెట్టగానే మీకు తెలిసిపోతుంది, తర్వాత లెక్కపెట్టడమంతా వాళ్ల కోసమే. స్టేజీ భయం ఉన్నవాళ్లకు ఇది నిజంగా మంచి ఆసరా.

కానీ 21 ముక్కల్ని మూడుసార్లు పరచాలంటే 63 సార్లు చెయ్యి ఆడాలి, అంతసేపూ మీ కళ్లు బల్ల మీదే. నా మటుకు తేల్చేది ఈ ఒక్క విషయమే. ట్రిక్కు నేర్చుకోవడమంటే సగం మనిషి ముఖం చూసి మాట్లాడటం నేర్చుకోవడమే, ఇందులో దానికి తీరికే దొరకదు.

అడుగు ముక్క ట్రిక్కులో ఆ తీరిక ఉంది. కట్ట సర్దుతూ అడుగున ఉన్న ముక్కను చూసి పెట్టుకుంటారు, వాళ్లు ఒకటి తీసి చూసుకుని పైన పెడతారు, కట్ కొట్టి కింది సగాన్ని పైకి వేస్తే మీరు చూసిపెట్టుకున్న ముక్క సరిగ్గా వాళ్ల ముక్క మీదకు చేరుతుంది. కట్ ఎన్నిసార్లయినా కొట్టనివ్వండి, కలపడం మాత్రం వద్దు. పైనుంచి ఒక్కొక్కటే తిప్పుతూ పోతే మీ ముక్క తర్వాత వచ్చేదే వాళ్లది (మీది చివర్లో పడితే, మొట్టమొదట తిప్పినది).

కష్టమల్లా ఆ చూపు దగ్గరే. అమ్మాయి మొదట్లో ముక్క తీయమని ఇస్తున్నప్పుడే కిందికి చూసేది, పైగా ఇస్పేటు ఏడు, ఇస్పేటు ఏడు అని పెదాలు కదిలేవి. ముందే చూసేసుకుని, రెండు మాటలు మాట్లాడాకే కట్ట చాపమన్నాను, నాలుగు రోజుల్లో సర్దుకుంది.

తర్వాత దీని అసలు అందం చూపించాను. వాళ్ల ముక్క వచ్చినా ఆగకుండా ఇంకో మూడు ముక్కలు తిప్పేసి, "ఇప్పుడు నేను తిప్పబోయేది మీదే" అనాలి. తప్పిపోయిందనుకుని వాళ్ల ముఖంలో ఒక చిన్న నవ్వు మొదలవుతుంది, అప్పుడు చెయ్యి కట్ట వైపు కాకుండా కింద పరిచిన వాటిలోకి వెళ్లి వాళ్ల ముక్కనే బోర్లా తిప్పాలి. ఆ క్షణం 21 ముక్కల్లో ఎంత వెతికినా రాదు.

రెండు ముక్కల్ని ఒకటిగా ఎత్తే డబుల్ లిఫ్ట్ అద్భుతమే, కాకపోతే చెయ్యి తిరగడానికి వారాలు పడుతుంది, ఇప్పుడే వద్దు. ట్రిక్కుల కోసం చేసిన ప్రత్యేక కట్టలు కూడా అంతే, ఎవరైనా చేతిలోకి తీసుకున్నారంటే అయిపోయినట్టే.

అడుగు ముక్కతోనే మొదలుపెట్టండి. మళ్లీ చేసి చూపించమని అడిగితే మాత్రం అదే చేయకండి, ఈసారి మీ అడుగు ముక్క మీదే కన్నేస్తారు. 21 ముక్కలు బయటికి తీయాల్సింది అప్పుడు.