ట్రమడాల్ మానాలంటే ఏది మేలు: ఒక్కసారిగా ఆపడమా, మెల్లగా తగ్గించడమా?

నా నడుం ఆపరేషన్ సంగతి తెలిసినవాళ్లు ఈ మధ్య ఒకే ప్రశ్న అడుగుతున్నారు. "రెండేళ్లకు పైగా వాడిన మాత్ర ఎలా మానావు? నేనైతే రేపటి నుంచే ఆపేద్దామనుకుంటున్నా, పర్వాలేదా?" అని. ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పే బదులు ఇక్కడ రాస్తున్నాను. ఇది ట్రమడాల్, టాపెంటడాల్ లాంటి ఓపియాయిడ్ (నల్లమందు తరహాలో పనిచేసే) నొప్పి మాత్రలు నెలల తరబడి రోజూ వేసుకుంటున్నవాళ్ల కోసం. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటి మామూలు నొప్పి మాత్రలు వాడేవాళ్లకు ఈ బాధ ఉండదు. వాటితో కిడ్నీలకూ కడుపుకూ వచ్చే తంటా వేరే సంగతి.

ముందు ఒక్కసారిగా ఆపడం గురించి. నేనూ అదే చేశాను. రోజుకు 200 మిల్లీగ్రాములు వేసుకునేవాణ్ణి. భోగి మంటల్లో పాత సామానుతో పాటు ఈ పీడ కూడా పోవాలనుకుని ఆ రోజే ఆపేశాను. సంక్రాంతి రోజు సాయంత్రానికి ఒకటే ఆవలింతలు, కళ్ల నీళ్లు, ముక్కు కారడం. చలికి జలుబు చేసిందనుకున్నాం. రాత్రికి కాళ్లు పీకడం మొదలైంది. ఎటు తిరిగి పడుకున్నా, కాళ్లు ఎక్కడ పెట్టినా ఉండలేకపోయాను. కనుమ రోజు విరేచనాలు, ఒళ్లంతా గగుర్పాటు, వాటన్నిటికీ మించి నడుం నొప్పి ఆపరేషన్‌కి ముందు ఉన్నదానికంటే ఎక్కువగా తిరగబెట్టింది. మర్నాడు పొద్దున్నే మాత్ర వేసుకున్నాను. గంటన్నరలో అన్నీ సర్దుకున్నాయి. దాంతో ఇంట్లో అందరం ఏమనుకున్నామంటే, నడుం ఇంకా బాగుపడలేదు, ఈ మాత్ర లేకుండా కుదరదు అని. ఆ ఒక్క పొరపాటుతో ఇంకో ఏడాది వాడాను.

నా దృష్టిలో ఏ పద్ధతి మేలో తేల్చేది ఇదే: వస్తున్న నొప్పి పాత జబ్బుదా, మాత్ర మానడం వల్ల వచ్చిందా అని గుర్తుపట్టే అవకాశం మీకు దొరుకుతుందా లేదా. ఇలాంటి మందులు ఎక్కువ కాలం వాడితే నరాలు నొప్పిని మామూలు కంటే ఎక్కువగా పట్టుకునేలా తయారవుతాయి. మందు తీసేయగానే, అంతకుముందు ఎక్కడ నొప్పి ఉండేదో అక్కడే ఎక్కువగా సలుపుతుంది. అందుకే చాలామంది దాన్ని పాత జబ్బు అనుకుంటారు. కానీ మానడం వల్ల వచ్చే నొప్పి ఒంటరిగా రాదు, ఆవలింతలూ చెమటలూ కడుపు గడబిడా వెంటేసుకుని వస్తుంది, మాత్ర వేళకు పెరుగుతుంది, రోజులు గడిచేకొద్దీ తగ్గుతుంది. అన్నీ ఒక్కసారిగా మీద పడితే ఇదంతా గమనించే ఓపిక ఎవరికి ఉంటుంది? సాధారణంగా రెండో మూడో రోజుకి బాధ తారస్థాయికి వెళ్లి, వారం పది రోజుల్లో దిగిపోతుంది. నిద్ర, మనసు కుదుటపడడానికి వారాలు పడుతుంది. నేను సరిగ్గా తారస్థాయిలో ఉన్నప్పుడు ఓడిపోయాను.

ట్రమడాల్‌తో ఇంకో చిక్కు కూడా ఉంది. అది నొప్పి మీదే కాదు, డిప్రెషన్ మందుల్లాగా సెరటోనిన్ మీద కూడా పనిచేస్తుంది. అందుకని హఠాత్తుగా ఆపితే కొందరికి విపరీతమైన భయం, ఒంట్లో కరెంటు పాకినట్టు జిల్లుమనడం, అయోమయం వస్తాయి. రోజుకు 400 మిల్లీగ్రాములు దాటి వాడేవాళ్లు, ఎప్పుడైనా ఫిట్స్ వచ్చినవాళ్లు, గర్భిణులు సొంతంగా ఏ ప్రయోగమూ చేయకండి, దయచేసి.

రెండోది మెల్లగా తగ్గించడం. నాకు పనికొచ్చింది ఇదే. ఏడాది, అంతకు మించి వాడినవాళ్లకు నెలకు పది శాతం, లేదా అంతకంటే నిదానంగా తగ్గిస్తే ఒళ్లు తట్టుకుంటుందని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2022 మార్గదర్శకాల్లో ఉంది. మా డాక్టరు దాదాపు అదే లెక్క వేశారు. నేను వాడుతున్నవి ఎస్‌ఆర్ మాత్రలు, అంటే మందు మెల్లమెల్లగా విడుదలయ్యేవి. వాటిని విరగ్గొట్టకూడదు, నమలకూడదు, రోజంతా పనిచేయాల్సిన మందు ఒక్కసారే ఒంట్లోకి వచ్చేస్తుంది. అందుకని పారాసిటమాల్ కలిసిన 37.5 మిల్లీగ్రాముల ట్రమడాల్ బిళ్లలకు మార్చి, రోజుకు ఐదుతో మొదలుపెట్టి, నెలకు సగం బిళ్ల చొప్పున తగ్గించారు. అందులో పారాసిటమాల్ ఉంది కాబట్టి జ్వరం వచ్చినా అడగకుండా ఇంకో పారాసిటమాల్ వేసుకోవద్దన్నారు. ఇది నా లెక్క, మీది మీ డాక్టరు వేయాలి.

తగ్గించిన ప్రతిసారీ ఐదారు రోజులు నొప్పి కాస్త పెరిగేది, పదో రోజుకి దిగిపోయేది. రెండుసార్లు ఇలా జరిగాక ఇది నడుం కాదు, మాత్రే అని నాకు రూఢి అయింది, టెన్షన్ సగం పోయింది. చివర్లో కష్టం ఎక్కువ. ఐదు బిళ్లల్లోంచి సగం బిళ్ల తీయడం వేరు, ఒక్క బిళ్లలోంచి సగం తీయడం వేరు కదా. ఒక బిళ్ల దగ్గర రెండు నెలలు ఆగిపోయాను. ఆగొచ్చు, ఎవరూ తరమడం లేదు, మళ్లీ పైకి వెళ్లకుండా ఉంటే చాలన్నారు డాక్టరు. స్ట్రిప్పులు మా ఆవిడ దగ్గరే ఉండేవి. నరాల నొప్పికి ఇచ్చే ప్రెగాబలిన్ కూడా వాడుతున్నాను గానీ రెండూ ఒకేసారి తగ్గించలేదు, ఇది పూర్తయ్యాకే అది. మొత్తం పదకొండు నెలలు పట్టింది.

చీటీ అయిపోయేదాకా ఆగకండి. 2018 ఏప్రిల్ నుంచి ట్రమడాల్ ఎన్‌డీపీఎస్ చట్టం (మత్తు మందుల నియంత్రణ చట్టం) కిందికి వచ్చింది. చీటీ లేకపోతే మెడికల్ షాపువాళ్లు ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. అప్పుడు మీరు వద్దనుకున్నా ఒక్కసారిగా ఆపినట్టే అవుతుంది.

మరి ఇంట్లో తగ్గించడం అందరికీ కుదురుతుందా? కుదరదు. డోసు వాళ్లంతట వాళ్లే పెంచుకుంటూ రోజుకు పది పదిహేను దాకా పోయినవాళ్లు, నాలుగు షాపులు తిరిగి కొంటున్నవాళ్లు, ఇవాళ సగం తగ్గించి రేపు రెండు ఎక్కువ వేసుకుంటారు. అది వాళ్ల తప్పని నేను అనను, ఆ స్థితి అలాంటిది. వాళ్లకు సైకియాట్రిస్టు పర్యవేక్షణలో నాలుక కింద పెట్టుకునే బుప్రెనార్ఫిన్ అనే మందు (ఇదీ ఓపియాయిడే) మేలు. "ఒకటి మాని ఇంకోటి అలవాటు చేసుకోవడమేగా" అనే బంధువుల మాట పట్టించుకోకండి. దానితో ఒళ్లు నిలకడగా ఉంటుంది, మనిషి పనికి వెళ్లగలుగుతాడు, ప్రాణాపాయం తగ్గుతుంది. ఒక్క జాగ్రత్త, పాత మందు ఇంకా ఒంట్లో ఉండగా దీన్ని మొదలుపెడితే బాధ ఒక్కసారిగా విరుచుకుపడుతుంది, అందుకే ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరే చెప్పాలి. ఎవరిని అడగాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, తెలుగులో మాట్లాడొచ్చు. మత్తు మందులు మానడానికి 14446 ఉంది.

ఆసుపత్రిలో చేరి మానడం, పెద్ద డోసులవాళ్లకూ ఇతర జబ్బులున్నవాళ్లకూ అవసరమే. గదిలో పెట్టి తాళం వేసే సెంటర్లకు మాత్రం వెళ్లకండి. ఇంకొకటి, ఇది ఏ పద్ధతికైనా వర్తిస్తుంది: కొన్నాళ్లు మానాక పాత డోసు ఒక్కసారిగా వేసుకుంటే ఒళ్లు తట్టుకోలేదు, ఊపిరి ఆగిపోవచ్చు. ఇంటికొచ్చాక ఈ సంగతి ఇంట్లోవాళ్లందరికీ తెలిసి ఉండాలి. వారంలో గ్యారంటీగా మాన్పిస్తామనే పొడులు, కషాయాల మీద డబ్బు పెట్టకండి.

నాకు నడుం నొప్పి ఇప్పటికీ ఉంది. చలికాలం పొద్దున లేవగానే తెలుస్తుంది, ఫిజియోథెరపీ వ్యాయామాలు చేసి వేడి నీళ్లు పోసుకుంటే మధ్యాహ్నానికి మరిచిపోతాను. ఆ సంక్రాంతికి నేను నడుం నొప్పి అనుకుని భయపడినదాంట్లో ఇది పావు వంతు కూడా లేదు.