వేడంతాంగల్ పక్క ఊళ్లో రెండు రాత్రుల బస: చెన్నై నుంచి వెళ్లేవారి కోసం ఒక సమీక్ష

చెన్నై నుంచి జీఎస్టీ (గ్రాండ్ సదరన్ ట్రంక్) రోడ్డు మీద తాంబరం, చెంగల్పట్టు దాటి, పడాళం దగ్గర కుడివైపుకు మళ్లితే, వరి పొలాల మధ్యగా సాగే సన్నని దారి వేడంతాంగల్ పక్షుల చెరువుకు చేరుస్తుంది. నగరం నుంచి దూరం సుమారు 80 కిలోమీటర్లు. చెన్నైలో స్థిరపడిన తెలుగువాళ్లలో చాలామందికి ఈ చెరువు తెలిసినదే అయినా, బడి పిల్లలను పొద్దున తీసుకెళ్లి సాయంత్రానికి తిరిగి తీసుకొచ్చే విహారస్థలంగానే దాన్ని ఎరుగుదుం. నేను ఇక్కడ రాస్తున్నది ఆ చెరువుకు దాపునే ఉన్న ఒక చిన్న ఊళ్లో, ఒక రైతు కుటుంబం ఇంట్లో రెండు రాత్రులు ఉండేలా నగరంలోని ఒక ప్రయాణ సంస్థ చేస్తున్న ఏర్పాటు గురించి. జనం ఒక్కసారిగా వచ్చిపడతారేమోనన్న భయంతో ఇంటివారు తమ పేరు గాని, ఊరి పేరు గాని రాయవద్దని కోరారు కనుక ఆ వివరాలు ఇవ్వడం లేదు. ఇంటికి, భోజనానికి, తెల్లవారుజామున ఊరివాళ్లతో కలిసి చెరువు కట్ట మీద నడిచే అవకాశానికి నేను పూర్తి మార్కులు వేస్తాను. సంస్థ తన వంతుగా జోడించిన వినోదాలకు మాత్రం వేయలేను. ఎందుకో చెప్పాలంటే ముందు ఆ చెరువు సంగతి చెప్పాలి.

ఈ ప్రాంతంలో వినిపించే నిశ్శబ్దం ఊరివాళ్లు పట్టుబట్టి నిలబెట్టుకున్నది. 18వ శతాబ్దం చివర్లో ఈస్టిండియా కంపెనీ సిపాయిలు చెరువులో పక్షులను కాల్చడం మొదలుపెట్టినప్పుడు, వేడంతాంగల్ రైతులు చెంగల్పట్టు కలెక్టరుగా ఉన్న లయొనెల్ ప్లేస్ దగ్గరకు వెళ్లి మొరపెట్టుకుని, పక్షుల జోలికి ఎవరూ రాకూడదని కౌలు, అంటే అభయపత్రం, రాయించుకున్నారు. వారి పట్టుదల వెనుక భక్తి ఎంత ఉందో తెలియదు గాని, సేద్యపు లెక్క మాత్రం గట్టిగా ఉంది. చెట్ల మీద గూళ్లు కట్టిన వేలాది పక్షుల రెట్ట నీటిలో కలుస్తుంది, ఆ నీరు తూము గుండా పొలాలకు పారుతుంది, నత్రజని పుష్కలంగా ఉన్న ఆ నీటితో వరి పైరు ఏపుగా పెరుగుతుంది. పక్షి చెరువు వదిలిపోతే ఎరువు కూడా పోయినట్లే. అందుకే చుట్టుపక్కల ఊళ్లవాళ్లు దీపావళికి టపాసులు కాల్చరు. ఇది దశాబ్దాలుగా వస్తున్న కట్టుబాటు. ప్రభుత్వ లెక్కల్లో అభయారణ్యమంటే చెరువొక్కటే కాక దాని చుట్టూ 5 కిలోమీటర్ల పరిధిలోని పొలాలు, ఊళ్లు కూడా. 2022లో ఈ చెరువు అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలోకి ఎక్కింది. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో ఊరివాళ్లు కొంగలను కాచుకునే తీరు ఎరిగిన తెలుగు పాఠకులకు ఇది కొత్తగా అనిపించకపోవచ్చు. అయితే అతిథిగా వెళ్లి, రెండు రాత్రుల పాటు ఆ కట్టుబాటుకు మనమూ లోబడి ఉండడం వేరే అనుభవం. ఈ సేవలోని మంచిచెడ్డలన్నిటినీ నేను ఆ కొలతతోనే చూశాను.

ఇల్లు పెంకుటిల్లు. ముందు అరుగు, అరుగు మీద నల్లబడిన చెక్క స్తంభాలు, లోపల నాలుగు వైపులా వసారా ఉన్న మండువా. అతిథులకు ఇచ్చే గది పెరటి వైపు ఉంటుంది. మంచం, పరుపు, దోమతెర, పంకా, శుభ్రమైన స్నానాలగది ఉన్నాయి. ఏసీ లేదు, టీవీ లేదు; చలికాలం కనుక ఏసీ లేని లోటు తెలియలేదు గాని, మార్చి దాటాక వెళ్లేవారు ఈ సంగతి ఆలోచించుకోవాలి. స్నానానికి వేడినీళ్లు కట్టెల పొయ్యి మీద కాచి బకెట్టుతో తెచ్చిపెడతారు. ఇంటి పెద్దావిడ తెలుగు మాట్లాడుతుంది. ఉత్తర తమిళనాడులో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో వారిదీ ఒకటి. ఇంట్లో కోడళ్లు, మనవలు తమిళంలోనే మాట్లాడుకుంటున్నా ఆమె మాత్రం మాతో మొదటి నుంచీ తెలుగులోనే మాట్లాడింది. సామాను దింపుతూ మా అబ్బాయి గట్టిగా అరిచినప్పుడు, కోప్పడకుండా వాడి తల నిమిరి, "మెల్లగా మాట్లాడు నాయనా, గూళ్లలో పిల్లలుండాయి" అంది. ఇంటి నియమావళి ఏదైనా ఉందంటే ఆ ఒక్క మాటే. గోడకు అంటించిన కాగితాలేవీ లేవు.

భోజనం గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. చెన్నైలో పల్లె వంట పేరుతో అమ్మే హోటళ్లలో నూనె, కారం మోతాదు మించి ఉంటాయి. ఇక్కడ వండేది ఆ ఇంటివాళ్లు తినేదే. పొద్దున ఇడ్లీతో పాటు, అడిగినవారికి రాగి అంబలి, నంజుకోవడానికి మజ్జిగ మిరపకాయలు పెట్టారు. మధ్యాహ్నం ఆ పొలం బియ్యంతో వండిన అన్నం, ఉప్పు, చింతపండు, మిరియం తప్ప మరే ఆర్భాటమూ లేని సుండక్కాయ వత్తల్ కుళంబు (ఎండు ఉస్తికాయల పులుసు), పెరట్లో కోసిన ఆకుకూరతో కీరై మసియల్. ఉస్తికాయలను మజ్జిగలో ఊరబెట్టి ఎండబెట్టిన ఆ వత్తల్‌ను నూనెలో వేయిస్తుంటే వచ్చే వాసనకే ఆకలి రెట్టింపవుతుంది. దానిలోని చేదును పులుసు పూర్తిగా మింగేయకుండా ఉండేటట్టు వండడం అంత తేలిక కాదు, ఆ ఇంటి కోడలు రెండు పూటలా ఆ రుచిని తప్పనివ్వలేదు. రాత్రి భోజనం ఎనిమిదింటికల్లా ముగుస్తుంది. ఆలస్యంగా తినే అలవాటున్న నగరవాసులు ఆ రెండు రాత్రులకు తమ అలవాటు మార్చుకోవలసిందే, లేకపోతే ఇంటివాళ్లు మన కోసం మేలుకుని కూర్చోవలసి వస్తుంది.

మేము వెళ్లినది ధనుర్మాసం, అంటే తమిళుల మార్గళి. తెల్లవారక ముందే వీధిలోని ఆడవాళ్లు వాకిళ్లు కడిగి, బియ్యప్పిండితో పెద్ద పెద్ద ముగ్గులు వేసి, నడుమ పేడముద్ద పెట్టి దానిలో గుమ్మడిపువ్వు గుచ్చారు. మా ఆవిడకు కృష్ణా జిల్లాలోని పుట్టింటి గొబ్బెమ్మలు గుర్తొచ్చి, తానూ ఒక వాకిట్లో కూర్చుని చుక్కలు కలిపింది. కోవెలలో తిరుప్పావై వినిపించే మైకు కూడా ఉంది గాని, దాని మూతిని చెరువు వైపు కాకుండా ఊరి లోపలికి తిప్పి కట్టారు. అది కూడా పక్షుల కోసమేనని ఇంటాయన చెప్పాడు.

చెరువు కట్ట మీదికి ఉదయం ఆరు గంటలకు వెళ్లవచ్చు. ఇంటాయన గాని, ఆయన తమ్ముడు గాని వెంట వస్తారు. ఈ మొత్తం ఏర్పాటులో అత్యంత విలువైనది అదే. కట్ట పొడవునా నడకదారి ఉంది, దూరం చూడడానికి గోపురం కూడా ఉంది, బైనాక్యులర్లు అద్దెకు దొరుకుతాయి. నీటిలో సగం మునిగి నిలిచిన చెట్ల కొమ్మల నిండా గూళ్లే. తెల్లని ఒంటి మీద గులాబి రంగు ఈకలున్న ఎర్రకాళ్ల కొంగలు, ముక్కు నడుమ సందుతో వరి పొలాల్లో నత్తగుల్లలను ఏరుకు తినే నత్తగుల్ల కొంగలు, తెడ్డుమూతి కొంగలు, తెల్ల కంకణాలు, పాముమెడ పక్షులు, నీటికాకులు, నేలపట్టులో మనం చూసే గూడబాతులు, అన్నీ ఒకే చెట్టు మీద అంతస్తులుగా పంచుకుని ఉంటాయి. ఇంటాయన వాటి పేర్లు వల్లించడు. ఒక గూటిని చూపించి అక్కడే కాసేపు నిలబెడతాడు. ఎండ ఎక్కే కొద్దీ ఒక తల్లి కొంగ తన రెండు రెక్కలనూ సగం విప్పి, కింద ఉన్న పిల్లల మీద నీడ పడేటట్టు, సూర్యుడు కదిలిన మేరకు తానూ కొద్దికొద్దిగా తిరుగుతూ నిలబడింది. జంట పక్షి వచ్చి పిల్లల నోళ్లలోకి నీళ్లు కక్కి వెళ్లింది. మా అబ్బాయి ఫోను సంగతి మరిచిపోయి చాలాసేపు ఆ ఒక్క గూటినే చూశాడు. విడిగా వెళ్లి ఉంటే గోపురం ఎక్కి నాలుగు ఫొటోలు తీసుకుని దిగేవాళ్లం.

సాయంత్రం వెళ్లడం మానుకోవద్దు. సూర్యాస్తమయానికి కొంచెం ముందు, పగలంతా పొలాల మీద తిరిగిన పక్షులు గుంపులు గుంపులుగా చెరువుకు తిరిగి వస్తుంటే, అప్పటిదాకా కొమ్మల్లో ముడుచుకుని కూర్చున్న చింతవక్కలు ఒకటొకటిగా లేచి రాత్రి వేటకు బయలుదేరుతాయి. ఆరింటికి ద్వారం మూస్తారు కనుక అయిదుకు ముందే కట్ట మీద ఉండాలి.

ఇక నాకు నచ్చనివి. సంస్థ ఇచ్చిన కార్యక్రమంలో ఎడ్లబండి సవారి అని ఉంది. ఊళ్లో దుక్కి దున్నేది ట్రాక్టరు, కోతకు వచ్చేది యంత్రం. ఎడ్లను, బండిని పొరుగూరి నుంచి అతిథుల కోసమే తెప్పిస్తున్నారని బండివాడే చెప్పాడు. మనుషులను ఎక్కించుకుని తారురోడ్డు మీద అటూ ఇటూ తిరగడానికి ఆ ఎడ్లు ఎండలో కాచుకుని ఉండడం నాకు బాధ కలిగించింది. ఊళ్లో ఉన్నదాన్ని ఉన్నట్టుగా చూపిస్తామన్న మాటకు ఇది విరుద్ధం. అంతకంటే పెద్ద తప్పు రెండో రోజు జరిగింది. అదే సంస్థ ఒక్క పూట యాత్రకు తీసుకొచ్చిన మరో బృందానికి దారి చూపే కుర్రవాడు చెరువు కట్ట మీద చేతి మైకు పట్టుకుని వివరాలు చెప్పసాగాడు. దగ్గరి చెట్టు మీది పక్షులు కలవరపడి లేచాయి. మా ఇంటాయన వెళ్లి సౌమ్యంగానే ఆపించాడు గాని, ఆయన ముఖంలోని బాధ చూడలేకపోయాను. ఏ నిశ్శబ్దాన్ని చూపించి సంస్థ డబ్బు తీసుకుంటున్నదో, దాన్నే అది చెడగొట్టింది.

ఊరి నడక గురించి కూడా ఒక అభ్యంతరం ఉంది. కార్యక్రమం ప్రకారం చూపించేది పెద్దవీధి, కోవెల, పొలిమేరలో మట్టి గుర్రాలు నిలబెట్టిన, ఊరిని కాచే దేవుడు అయ్యనార్ గుడి, చెరువు తూము. పొలాల అవతల ఉన్న దళితవాడ, అంటే అక్కడివాళ్లు కాలనీ అనేది, ఆ దారిలో లేదు. నాట్లు వేసేదీ, కోసేదీ, పక్షులకు నీళ్లుండేటట్టు తూము దగ్గర కాపలా ఉండేదీ ఎక్కువగా ఆ వాడవాళ్లేనని పొలంలో పనిచేస్తున్న ఆడవాళ్లతో మాట్లాడినప్పుడు తెలిసింది. వాళ్లను చూడడానికి వెళ్లే విడ్డూరపు యాత్ర కావాలని నేను అనడం లేదు. ఆ వాడలోనూ ఒకటి రెండు ఇళ్లు అతిథులకు బస, భోజనం ఇచ్చే ఏర్పాటు జరిగితే, చెరువును కాపాడినవాళ్లందరికీ ఈ రాబడిలో వాటా దక్కుతుంది. ఇంటాయనతో ఈ మాట అంటే కాదనలేదు, సంస్థవాళ్లే అడగాలన్నాడు.

తిరుగు ప్రయాణంలో మధురాంతకం ఏరికాత్త రామర్ కోవెలకు వెళ్లమని సలహా ఇస్తాను. పొంగే వానల్లో అక్కడి పెద్ద చెరువు కట్ట తెగకుండా రామలక్ష్మణులే విల్లంబులతో కాపలా కాయగా చూశాడని స్థలపురాణం చెప్పే కలెక్టరు, వేడంతాంగల్ రైతులకు కౌలు రాసిచ్చిన లయొనెల్ ప్లేస్ దొరే. ఈ కోవెల సంస్థ పట్టికలో లేదు, ఎడ్లబండి బదులు దీన్ని చేర్చవచ్చు.

ఖర్చు విషయానికొస్తే, ఇద్దరు పెద్దలకు ఒక రాత్రికి మూడు పూటల భోజనంతో సహా 4,000 రూపాయల లోపే అయింది, పిల్లవాడికి విడిగా తీసుకోలేదు. ఇందులో ఇంటివారికి ఎంత చేరుతుందో రసీదు మీద లేదు, ఉండాలి. సొంత వాహనం లేనివారు రైల్లో చెంగల్పట్టు దాకా వచ్చి, అక్కడి నుంచి బస్సులో గాని ఆటోలో గాని వెళ్లవచ్చు. బస్సులు తరచుగా ఉండవు. నవంబరు నుంచి మార్చి దాకా పక్షుల కాలం, పిల్లలతో నిండిన గూళ్లు చూడాలంటే డిసెంబరు చివర నుంచి ఫిబ్రవరి వరకు మేలు. ఈశాన్య ఋతుపవనాలు మొహం చాటేసిన ఏడు చెరువు నిండదు, పక్షులూ పెద్దగా రావు కనుక, నవంబరు వానలు చూసుకుని ఆ తరువాతే డబ్బు కట్టండి. ముదురు రంగు బట్టలు, టార్చి, దోమల మందు తీసుకెళ్లండి. వీధిలో మనుషుల ఫొటోలు అడగకుండా తీయకండి, పుట్టినరోజు వేడుకలకు, పాటల పెట్టెలతో వచ్చే బృందాలకు ఈ ఊరు తగదు.

నా అభ్యంతరాలన్నీ సంస్థకు రాసి పంపాను. కట్ట మీద మైకు వాడడం ఆపేశామని, ఇకపై ఒక్క పూట బృందాలకు కూడా ఊరివాళ్లే దారి చూపుతారని బదులిచ్చారు. ఎడ్లబండి గురించి, కాలనీలో బస గురించి మాత్రం ఇంకా జవాబు రాలేదు.