హనుమంతుడి పుస్తకం: బెంగళూరు కామిక్ కాన్ నుంచి గండి దాకా

నా దగ్గరొక స్కెచ్ పుస్తకం ఉంది. మొదటి పేజీ నుంచీ అన్నీ హనుమంతుడి బొమ్మలే. ఒక్కోటి ఒక్కో ఆర్టిస్టు పక్కన కూర్చుని వేయించుకున్నది. కామిక్ కాన్‌లకు, అంటే కామిక్స్ అభిమానుల మేళాలకు, తిరిగేవాళ్లలో ఈ అలవాటు మామూలే. ఒక పాత్రను పట్టుకుని, కనబడిన ఆర్టిస్టునల్లా అదే అడుగుతారు. ఎక్కువమంది బ్యాట్‌మ్యాన్ అంటారు. శనివారం వస్తే కసాపురం ఆంజనేయుడి గుడికి బస్సెక్కే ఇంట్లో పుట్టినవాణ్ని, నాకు ఇంకెవరు గుర్తొస్తారు?

ఈసారి అనంతపురం నుంచి మూడు చోట్లకు ఆ పుస్తకాన్ని మోసుకుపోయాను. తోడు మా అక్క కొడుకు, ఇంటర్ చదువుతున్నాడు. వాడికి బొమ్మలకన్నా తిండి ముఖ్యం. తిండి గురించి కింద రాసిన తీర్పులన్నీ వాడివేనని ముందే చెప్తున్నా.

ముందు బెంగళూరు. కామిక్ కాన్ ఢిల్లీలో 2011లో మొదలై, మరుసటి ఏడాదే బెంగళూరుకు, 2013లో హైదరాబాద్‌కు వచ్చింది. మనకు హైదరాబాద్ కన్నా బెంగళూరే దగ్గర, 210 కిలోమీటర్లు అటూ ఇటూ. మేం పోయింది సంక్రాంతి అయిన వెంటనే వచ్చిన శని, ఆదివారాలకు. వైట్‌ఫీల్డ్‌లోని కేటీపీఓ హాళ్లలో పెట్టారు.

అంతకుముందు పోయినప్పుడు పెద్ద తెలివిగా హాలుకు దగ్గరలోనే గది తీసుకున్నాను. ఆన్‌లైన్‌లో ‘ఐదు నిమిషాల నడక’ అని రాసుంది. ఐదు నిమిషాలు నడిస్తే మెయిన్ రోడ్డు వచ్చింది, అంతే. వేడినీళ్లు పొద్దున 6 నుంచి 7 వరకేనన్న సంగతి రాత్రి 11 గంటలకు, అదీ నేను అడిగితే చెప్పారు. అద్దె మాత్రం ఊరి నడుమ బస్టాండున్న మెజెస్టిక్‌లో ఇచ్చేదానికి రెండింతలు. ఈసారి బుద్ధొచ్చి మెజెస్టిక్‌లోనే దిగాం. 2023 అక్టోబరు నుంచి పర్పుల్ లైన్ మెట్రో అక్కడి నుంచి వైట్‌ఫీల్డ్ దాకా ఎక్కడా తెగకుండా నడుస్తోంది. గంట కూర్చుంటే చాలు. పోయేటప్పుడు సీటు దొరికింది, వచ్చేటప్పుడు రెండు రోజులూ నిలబడే వచ్చాం.

గేటు దగ్గర బ్యాగులు వెతుకుతారు. బయటి తిండి లోపలికి రానివ్వలేదు. అక్క కట్టిచ్చిన చిత్రాన్నం డబ్బా గేటు బయట గోడ మీద కూర్చుని ఖాళీ చేశాం. లోపల ఒక ప్లేట్ నూడుల్స్ ధర విని మావాడు, “మామా, ఈ డబ్బుకు మనూరి కమలానగర్‌లో నలుగురం తినొచ్చు” అన్నాడు. నీళ్ల బాటిల్ దగ్గర కూడా అదే లెక్క వేశాడు. కొన్నాక నూడుల్స్ మాత్రం బాగున్నాయట.

లోపలికి పోగానే అందరూ కాస్‌ప్లే వేషాల వైపు, పెద్ద స్టేజీ వైపు పరుగెత్తుతారు. మనం పోవాల్సింది ఆర్టిస్టుల టేబుళ్ల వైపు. వరసగా వేసి ఉంటాయి, ఒక్కొక్కరికి ఒక్కోటి. పోస్టర్లు, స్టిక్కర్లు తర్వాతైనా కొనుక్కోవచ్చు. ముందు పుస్తకం తీసి, “స్కెచ్ వేస్తారా, ఎంత?” అని అడిగి పేరు రాయించుకోవాలి. కొందరు అచ్చు వేసినవే అమ్ముతారు, అక్కడికక్కడ గీయరు. గీసేవాళ్ల దగ్గర మధ్యాహ్నానికల్లా లిస్ట్ నిండిపోతుంది. డబ్బు చేతిలో ఉండాలి. అంత జనంలో ఫోన్ సిగ్నల్ అందక యూపీఐ తిరుగుతూనే ఉంటుంది, వెనక లైన్‌లో ఉన్నవాళ్లు మనల్నే చూస్తుంటారు.

చాలామంది, “పుస్తకం ఇచ్చిపోండి, సాయంత్రం తీసుకోండి” అంటారు. వాళ్లకు అదే సులువు, మనకూ తిరగడానికి టైం మిగులుతుంది. నేను మాత్రం ఇవ్వను. బొమ్మ కన్నా అది ఎట్లా పుడుతుందో చూడటమే నాకు కావాలి. పూర్తయిన బొమ్మే చాలనుకుంటే పోస్టర్ కొనుక్కోవచ్చు కదా. ఈ మొండితనం వల్ల రెండు రోజుల్లో నాకు దొరికినవి మూడే బొమ్మలు. పక్కనున్న ఒకాయన అదే టైంలో పదకొండు పోగేశాడు. ఆయన్ను చూసి కొంచెం కడుపు మండింది, అబద్ధం ఎందుకు.

ఆ మూడింటిలో ఒకటి నంద్యాల అమ్మాయి వేసింది. నేను తెలుగులో గొణుక్కోవడం విని, “మాది నంద్యాల అన్నా, కూర్చో” అని తన బ్యాగు పక్కకు జరిపింది. నీలం పెన్సిల్‌తో, కనబడీ కనబడనట్టు, మొదట తోక వేసింది. ముఖం కాదు, గద కాదు, తోక. పేజీ కింది మూల నుంచి పైకి, ఒక్క ఊపులో. “తోక పడితే ఒళ్లు దాని వెంటే వస్తుంది” అంది. ఆ గీత మలుపులోనే నడుము పెట్టింది, తర్వాత ఎత్తిన మోకాలు. ఆ పైన బ్రష్ పెన్ తీసి నల్లగా దిద్దుతుంటే ఊపిరి బిగబట్టింది, నేనూ బిగబట్టాను. గద వేసేటప్పుడు మాత్రం ఫోన్‌లో ఒక ఫొటో చూసుకుంది. 25 నిమిషాలు, 800 రూపాయలు. కింద మావాడి పేరు రాయనా అని అడిగింది. పేరు రాసిన బొమ్మను ఎవరూ తిరిగి అమ్ముకోలేరని ఆర్టిస్టులకు అదొక ధీమా. రాయమన్నాను.

మూడో బొమ్మ దగ్గర దెబ్బ తిన్నాను. రంగు కావాలని ఆశపడ్డాను. ఆ ఆర్టిస్టు స్పిరిట్ మార్కర్లతో సింధూరం రంగు పూసేసరికి అది పేజీ దాటి, వెనక ఉన్న పేజీ మీద కూడా ఎర్రటి మరకయింది. తప్పు ఆయనది కాదు. ఊళ్లో దొరికిన పలచటి కాగితం పుస్తకం తీసుకుపోయినవాణ్ని నేను. కాగితం దళసరి చెప్పే జీఎస్‌ఎమ్ లెక్క 200కు తగ్గకుండా చూసి కొనండి. పేజీ కింద పెట్టడానికి ఒక అట్టముక్క కూడా ఉంచుకోండి.

రెండో ప్రయాణం నిమ్మలకుంట. ధర్మవరం మండలం, తోలుబొమ్మల ఊరు. 2022లో జిల్లాలు విడగొట్టాక శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది గానీ మా నోట్లో ఇంకా అనంతపురం జిల్లానే. ఆంధ్రా తోలుబొమ్మలకు 2008లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. ఈ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ఇచ్చారు. ఇంత పేరున్నా ఊరికి పోవడానికి ధర్మవరంలో ఆటో మాట్లాడుకోవాల్సిందే. తిరిగి రావడానికీ అదే ఆటోను ఆపుకోండి, లేకపోతే రోడ్డు మీద నిలబడి ఎదురుచూడాలి. పోయే ముందు ఫోన్ చేసుకోవడం కూడా మంచిది. కళాకారులు ఎగ్జిబిషన్లకు పోతుంటారు. మేం మొదటిసారి పోయినప్పుడు మాకు కావాల్సిన ఇంటికి తాళం ఉంది.

రాత్రి ధర్మవరంలో ఉన్నాం. లాడ్జి మామూలుదే, దుప్పటి ఉతికింది, ఫ్యాన్ తిరిగింది. పక్క గదుల్లో అందరూ పట్టుచీరల బేరానికి వచ్చినవాళ్లే, అర్ధరాత్రి దాకా లెక్కలే లెక్కలు. పొద్దున బస్టాండు దగ్గర ఉగ్గాని, బజ్జి. మావాడు మూడు ప్లేట్లు తిని, మూడు ఊళ్లలోకీ దీనికే మొదటి బహుమతి ఇచ్చాడు.

ఈసారి నిమ్మలకుంటలో ఆ తోలుబొమ్మల ఇంట్లో పెద్దాయన నా పుస్తకం మొత్తం తిప్పి చూశాడు. ఒక్కో హనుమంతుడి దగ్గర ఆగి, “వీనికి కండలు ఎక్కువైనాయి”, “ఈయప్ప ఎవరో గీత బాగా లాగినాడు” అంటూ మార్కులు వేశాడు. నంద్యాల అమ్మాయి తోక మీద మాత్రం వేలు పెట్టి అట్లే ఉంచాడు కాసేపు. నేను పెన్ను ఇస్తే తీసుకోలేదు. “కాగితం మీద మాకు ఏం వస్తుందప్పా? ఉండు” అని లోపలి నుంచి అరచేయంత మేక తోలు ముక్క తెచ్చాడు. బొచ్చు గీకి, ఆరబెట్టి, వెలుతురు కనబడేంత పలచగా చేసింది. దాని మీద గీత గీసి, చెక్క మీద పెట్టి, చిన్న ఉలితో, సుత్తితో టకటక చిల్లులు కొట్టాడు. కిరీటం, హారం, తోక అంచు, అన్నీ చిల్లులే. తోలుబొమ్మలో నగలంటే చిల్లులు. దీపం వెలుగు వాటిలోంచి వస్తేనే తెర మీద మెరుస్తాయి. తర్వాత రంగు ముందూ వెనకా, రెండు వైపులా వేశాడు.

రెండు గంటలు పట్టింది. మధ్యలో రెండుసార్లు టీ ఇచ్చారు. 500 అడిగాడు. నేను 800 ఇవ్వబోతే, “చెప్పిందే ఇయ్యి” అని 300 వెనక్కి ఇచ్చాడు. లైన్ లేదు, లిస్ట్ లేదు, నూడుల్స్ లేవు. ఎక్కడికి పోదాం అని ఎవరైనా నన్నడిగితే నిమ్మలకుంటకే పొమ్మంటాను. కాకపోతే ఆ తోలుముక్కను అతికించాక నా పుస్తకం మూతపడటం లేదు. ఎండకు అది వంకర తిరుగుతోంది, రబ్బరు బ్యాండు వేసి ఉంచాను.

మూడోది కడప జిల్లాలోని గండి. అక్కడికి పోయింది కేవలం నా సరదా కోసం. పులివెందుల బస్సెక్కి, అక్కడి నుంచి వేంపల్లె. పాపఘ్ని నది కొండను చీల్చుకుని పారే చోట వీరాంజనేయుడి గుడి. శ్రావణ శనివారాల్లో అయితే వద్దు, తోసుకుని చావాలి. మేం మంగళవారం పోయాం, పది నిమిషాల్లో దర్శనమైంది. రాత్రికి గది కావాలంటే పులివెందులలో చూసుకోండి. గుడి దగ్గర దుకాణాల్లో టీ, బొరుగులు తప్ప మాకేం దొరకలేదు. వేంపల్లెకు తిరిగి వచ్చాకే అన్నం.

ఇంత దూరం ఎందుకంటే, లంక నుంచి తిరిగి వచ్చేటప్పుడు రాముడు ఇక్కడ బండ మీద బాణం మొనతో హనుమంతుడి బొమ్మ గీశాడని స్థలపురాణం. ఎడమచేతి చిటికెన వేలు పూర్తికాకుండానే వెళ్లిపోయాడట. తర్వాత విజయనగర రాజుల కాలంలో మధ్వ గురువు వ్యాసరాయలు వచ్చి ఆ గీతను ఉలితో మలిచి, వేలు కూడా పూర్తిచేయబోతే రక్తం కారిందని, అందుకే వదిలేశాడని చెబుతారు. సింధూరం, పూలదండల మధ్య ఆ వేలు నాకు కనబడలేదు. బయటికొచ్చాక ఈ కథంతా మావాడికి చెప్పాను. పుస్తకం వాడి చంకలో ఉంది. శ్రద్ధగానే విన్నాడు.

“లిస్ట్‌లో వెనక ఇంకా చానామంది ఉండుంటారు మామా” అన్నాడు. “పద, బస్సు పోతాది.”